మోకాలికి దాత ఇచ్చిన టెండన్

కబడ్డీ ఆటలో ఒక్కసారిగా ప్రక్కకు తిరిగినప్పుడు మోకాలిలో 'టప్'మని శబ్దం వచ్చి, వాచి, ఆ తరువాత మెట్లు దిగుతుంటే కాలు జారిపోతున్నట్లుండే యువకులను మనం చూస్తుంటాము. చాలాసార్లు లోపల తెగినది ముందరి క్రూసియేట్ లిగమెంటు. అది సాధారణంగా తనంతట తాను అతకదు. అందుచేత దాని స్థానంలో ఒక టెండన్‌ను, అనగా కండరాన్ని ఎముకకు కట్టివుంచే త్రాడువంటి దానిని, అమర్చుతారు.

ఆ టెండన్ ఎక్కడిది? రోగి మోకాలిచిప్ప దగ్గరనుండి గాని, తొడ వెనుకనుండి గాని తీయవచ్చును. లేదా మరణించినవారి దేహంనుండి, కుటుంబీకుల సమ్మతితో సేకరించి, గడ్డకట్టించి భద్రపరచినది వాడవచ్చును. "పిల్లవాడికి రెండవ కోత తప్పుతుంది గదా!" అని తల్లిదండ్రులు రెండవదానివైపు మొగ్గుతారు. కోత, నొప్పి తగ్గే మాట నిజమే. మూత్రపిండం మార్పిడివలె జీవితాంతం మందులు మ్రింగే పని కూడా లేదు.

అయినా యువకులకు మేము సొంత టెండన్‌నే మేలంటాము. దాత టెండన్ మొదట ఒక పందిరి వంటిది. రోగి జీవకణాలు మెల్లగా అందులోకి ప్రాకి దానిని తమదిగా చేసుకోవాలి. సొంత టెండన్ కంటె దీనికి ఎక్కువ కాలం పడుతుంది. నొప్పి లేదు గదా అని కుర్రవాడు ముందే మైదానంలోకి దిగుతాడు! ఆటలాడే యువకులలో దాత టెండన్లు మరల తెగడం చాలా ఎక్కువని పరిశోధనలలో తేలింది. నడివయసువారికి, ఒకసారి ఆపరేషన్ అయి మరల తెగినవారికి, ఒకేసారి రెండు మూడు లిగమెంట్లు తెగినవారికి మాత్రం దాత ఇచ్చినది గొప్ప సహాయమే.

క్రిముల సంగతి కూడా ఉన్నది. 2001లో అమెరికాలోని మిన్నెసోటాలో 23 ఏండ్ల యువకుడు మోకాలి ఆపరేషన్ తరువాత కొద్ది రోజులకే మరణించాడు. అతనికి అమర్చినది లిగమెంటు కాదు, దాతనుండి వచ్చిన ఎముక, మృదులాస్థి ముక్క. అందులో క్లాస్ట్రీడియం క్రిములున్నాయి. 2005లో అక్కడ నిబంధనలు కట్టుదిట్టమయ్యాయి. నేడు ఇటువంటి ప్రమాదం బహు అరుదు. క్రిములను చంపడానికి గామా కిరణాలు కూడా వాడతారు గాని, మోతాదు మించితే టెండనే బలహీనపడుతుంది.

మన దేశంలో 1994నాటి అవయవ మార్పిడి చట్టంలో 2011 సవరణతో కణజాలాలు కూడా చేర్చబడినవి. కాబట్టి సంతకం చేయకముందే డాక్టరుగారిని అడగండి: ఇది ఏ టిష్యూ బ్యాంకునుండి వచ్చింది? హెచ్.ఐ.వి., కామెర్ల వైరస్ పరీక్షలు జరిగాయా? కిరణాలు ఎంత మోతాదులో ఇచ్చారు? ఏ టెండన్ వేసినా సుమారు తొమ్మిది నెలలు ఆట మానాలి, ఫిజియోథెరపీ మానకూడదు. నాలుగు రోజులు వెళ్లి మానేసేవారే ఎక్కువ.