చేలో నిలబడే బొమ్మ ఇంటి దగ్గర ఎందుకు వేలాడాలి?

తాండూరు నుంచి కొడంగల్ దారి పట్టినా, చించోళి దారి పట్టినా రోడ్డు పక్కన కొత్త ఇళ్లు లేస్తూనే కనిపిస్తాయి. పిల్లర్లు లేచి స్లాబు పడే వేళకు చాలా ఇళ్ల ముందుకు ఒక బొమ్మ వచ్చి చేరుతుంది. పాత చొక్కా, పాత ప్యాంటు, లోపల కుక్కిన వరిగడ్డి, తల ఉండాల్సిన చోట మసి పూసిన కుండ, కుండ మీద సున్నంతో కళ్లూ పళ్లూ. మెడ దగ్గర తాడు బిగించి, పిల్లర్ పైనుంచి పొడుచుకొచ్చిన ఇనుప చువ్వకు కట్టేస్తారు. గాలి కొడితే అది నెమ్మదిగా తిరుగుతుంది. మొహం ఇటు ఉన్నంతసేపూ దిష్టిబొమ్మే. వీపు ఇటు తిరిగితే సున్నపు కళ్లు మాయమవుతాయి. వాలిన భుజాలు, నేలకు అందని కాళ్లు, మెడ మీద తాడు మిగులుతాయి. చీకటి పడే వేళ దూరం నుంచి చూసేవాళ్లకు అది ఉరికి వేలాడుతున్న మనిషే. దిష్టిబొమ్మ పెట్టుకోవద్దని నేను అనడం లేదు. మనిషి ఆకారాన్ని మెడకు తాడు కట్టి వీధిలోకి వేలాడదీయొద్దు అంటున్నాను.

ఈ బొమ్మకు ఇంకో రూపం ఉంది. అది మన చేలల్లోనే ఉంది. యాలాల, పెద్దేముల్, బషీరాబాద్ మండలాల వాళ్లకు కొత్తగా చెప్పనక్కర్లేదు. జొన్న చేనుకు పిట్టల బెడద మొదలైతే పాత బట్టలు, గడ్డి, కుండతో ఇలాంటి బొమ్మనే చేస్తారు. కానీ అక్కడ ఒక గుంజ పాతి, దానికి అడ్డంగా ఇంకో కర్ర కట్టి, చొక్కా చేతులను ఆ కర్రకు తొడుగుతారు. బొమ్మ చేతులు చాచుకుని కాపలా మనిషిలా నిలబడుతుంది. చూసినవాళ్లకు అక్కడ ఎవరో మేలుకుని ఉన్నారనిపిస్తుంది. అదే బొమ్మ ఊళ్లోకి వచ్చేసరికి వేలాడింది. దీని వెనక శాస్త్రమేమీ లేదు, సౌకర్యమే ఉంది. కాంక్రీటు గచ్చులో గుంజ పాతడానికి మట్టి దొరకదు. పైన చువ్వలు సిద్ధంగా ఉంటాయి, కింద సెంట్రింగ్ తాడు ముక్క పడి ఉంటుంది. కుండ జారిపోకుండా ఉండాలంటే మెడ దగ్గర ముడి వేయడమే తేలిక. పని తొందరలో వేసిన ఆ ముడి రానురాను అలవాటైంది. ఆ అలవాటునే ఇప్పుడు మనం ఆచారం అంటున్నాం.

బొమ్మను వేలాడదీస్తే దానికి అర్థమేమీ ఉండదనుకుంటే పొరపాటే. మన చౌరస్తాల్లో నిరసనలు చూడండి. నాయకుడి దిష్టిబొమ్మను తగలబెడితే ఒక అర్థం, దాని మెడకు తాడు బిగించి వేలాడదీస్తే ఇంకో అర్థం. రెండోది ఉరిశిక్ష అని చదువురానివాళ్లకూ తెలుస్తుంది. 1765 ఆగస్టులో అమెరికాలోని బోస్టన్‌లో బ్రిటిష్ వాళ్ల స్టాంపు పన్నుకు ఎదురు తిరిగిన జనం, ఆ పన్ను వసూలుకు నియమితుడైన ఆండ్రూ ఆలివర్ బొమ్మను ఒక చెట్టుకు వేలాడదీశారు. ఆయన భయపడి ఆ పదవి తనకు వద్దన్నాడు. నోరు లేని గడ్డిబొమ్మ అంత మాట చెప్పగలిగింది. చౌరస్తాలో ఉరి అని చదువుకున్న ఆకారాన్ని ఇంటి ముందు చూసినప్పుడు మాత్రం ఏమీ చదవకూడదని మన కళ్లకు మనం ఎలా చెప్పగలం?

అక్టోబర్ 31న అమెరికాలో జరుపుకునే హాలోవీన్‌దీ ఇదే చిక్కు. ఐర్లాండ్, స్కాట్లాండ్ పల్లెల్లో టర్నిప్ దుంపలను తొలిచి దీపాలు పెట్టుకున్న పండుగ వలస వెళ్లినవాళ్లతో అమెరికా చేరి గుమ్మడికాయల పండుగైంది. కీడును భయపెట్టి తరమడమే దాని మూలం. మన దిష్టికి అది దగ్గరి చుట్టమే. ఇప్పుడు అక్కడ అదో పెద్ద వ్యాపారం. 2023లో అమెరికన్లు ఈ పండుగకు దాదాపు 1,220 కోట్ల డాలర్లు ఖర్చు పెడతారని ఆ దేశపు చిల్లర వర్తకుల సమాఖ్య అంచనా వేసింది. ఇళ్ల ముందు అస్థిపంజరాలు, సమాధి రాళ్లు, చెట్టు కొమ్మలకు వేలాడే దెయ్యాలు కనిపిస్తాయి. టెక్సాస్‌లో, న్యూజెర్సీలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు కూడా పిల్లల సరదా కోసం వాకిళ్లు అలంకరిస్తున్నాయి. అయితే ఆ దేశంలో చెట్టుకు వేలాడే మనిషి ఆకారం వెనక భయంకరమైన చరిత్ర ఉంది. 1877 నుంచి 1950 వరకు నల్లజాతివారిపై జరిగిన మూక హత్యలు 4,400కు పైగా లెక్కకు వచ్చాయి. వాళ్ల జ్ఞాపకార్థం 2018లో అలబామాలోని మాంట్‌గోమరీలో కట్టిన స్మారకంలో 800కు పైగా ఉక్కు దిమ్మెలున్నాయి. లోపలికి నడిచే కొద్దీ నేల కిందికి వాలుతుంది, దిమ్మెలు తల మీద వేలాడుతూ కనిపిస్తాయి. వాటి మీద మనిషి బొమ్మ లేదు, ముఖం లేదు, తాడు కూడా లేదు. వేలాడటం ఒక్కటే చూసినవాళ్ల గొంతు పట్టేస్తుంది. అందుకే అక్కడ ఏటా ఎవరో ఒకరు తాడుకు బొమ్మ కట్టడం, ఇరుగుపొరుగు అభ్యంతరం చెప్పడం జరుగుతూనే ఉంటుంది.

‘అది బొమ్మ అని అందరికీ తెలుసు, ఎవరూ మోసపోరు’ అని కొందరంటారు. మోసపోవడం రెండు వైపులా ఉంటుంది. 2005 అక్టోబర్‌లో అమెరికాలోని డెలావేర్ రాష్ట్రంలో, ఫ్రెడరికా అనే చిన్న ఊళ్లో, ఒక మహిళ రోడ్డు పక్క చెట్టుకు ఉరేసుకుని చనిపోయింది. వచ్చేపోయేవాళ్లు చూశారు. హాలోవీన్ బొమ్మ అనుకుని వెళ్లిపోయారు. గంటల తరబడి ఎవరూ పోలీసులకు చెప్పలేదు. 2009లో కాలిఫోర్నియాలోని మరీనా డెల్ రేలో ఒక వృద్ధుడి మృతదేహం సొంత బాల్కనీలోనే రోజుల తరబడి ఉండిపోయింది, పొరుగువాళ్లు దాన్నీ అలంకరణే అనుకున్నారు. బొమ్మను చూసి మనిషి అని ఉలిక్కిపడితే ఒక్క క్షణంలో తేరుకుంటాం. మనిషిని చూసి బొమ్మ అనుకుంటే ఆ తప్పు దిద్దుకోలేం. వేలాడే మనిషి ఆకారం ఎక్కడ కనిపించినా గుండె దడదడలాడి పరుగెత్తుకెళ్లాలి. అదే ఆకారం వీధికొకటి కనిపిస్తుంటే ఆ పరుగు మందగిస్తుంది. ఈ నష్టాన్ని ఎవరూ లెక్క కట్టలేరు, కానీ నాకు అన్నిటికన్నా పెద్దదిగా తోచేది ఇదే.

మన దగ్గర ఆ తాడుకు ఇంకో జ్ఞాపకం ఉంది. జాతీయ నేర రికార్డుల సంస్థ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారు. వారిలో సగానికి పైగా ప్రాణాలు పోయింది ఉరితోనే. రైతు ఆత్మహత్యల కుటుంబాలకు సాయం అందించడానికి 2004లో ఉమ్మడి రాష్ట్రంలో జీవో 421 తేవాల్సి వచ్చింది, తెలంగాణ వచ్చాక 2015లో జీవో 194తో ఆ సాయాన్ని 6 లక్షల రూపాయలకు పెంచాల్సి వచ్చింది. వానను నమ్ముకుని పత్తి, కంది వేసే మన జిల్లాకు ఈ జీవోల నంబర్లు కొత్త కాదు. దిష్టిబొమ్మల వల్ల చావులు జరుగుతున్నాయని నేను చెప్పడం లేదు. అప్పులు, ఎండిన బోర్లు, గిట్టని ధరలు, పట్టించుకోని మనోవేదన, వీటికి మందు వేరే ఉంది. నా మాట బతికి ఉన్నవాళ్ల గురించి. తండ్రిని అలా పోగొట్టుకున్న పిల్ల రోజూ బడికి వెళ్లే దారిలో, ఏడాది పాటు కట్టే ఇంటి ముందు, అదే ఆకారం గాలికి తిరుగుతుంటుంది. ఆ పిల్ల ఇంకో దారి వెతుక్కోవాలా?

ఆచారం మాటకొద్దాం. దిష్టి నమ్మకం సారాంశం ఒక్కటే. కొత్త ఇంటి మీద పడే మొదటి చూపును మరో దాని మీదికి మళ్లించాలి. దానికి వింతగా ఉండే వస్తువు చాలు. గుమ్మానికి కట్టే బూడిద గుమ్మడికాయ, నిమ్మకాయ మిరపకాయల దండ, నాలుక చాపిన రాక్షసుడి ముఖం, ఇవన్నీ ఆ పని చేసేవే. ఇవీ వేలాడతాయి, అయినా ఎవరి మనసూ చివుక్కుమనదు, ఎందుకంటే గుమ్మడికాయకు మెడ లేదు. చూపు లాగడానికి మనిషి ఆకారమే కావాలంటే చేతులు చాచి నిలబడ్డ బొమ్మ ఇంకా బాగా లాగుతుంది. నమ్మకం ఉన్నవాళ్లు దేన్నీ వదులుకోనక్కర్లేదు. ‘నా ఇల్లు, నా ఇష్టం’ అనే మాటకు కూడా జవాబు ఈ నమ్మకంలోనే ఉంది. దిష్టిబొమ్మ ఇంటివాళ్లు చూసుకోవడానికి పెట్టేది కాదు, దారిన పోయేవాళ్లు చూడాలని పెట్టేది. పరాయి కళ్ల కోసమే కట్టినప్పుడు ఆ కళ్లకు ఏం చూపిస్తున్నామన్న బాధ్యత కట్టినవాళ్లదే. నాపరాళ్ల లారీలు తిరిగే రోడ్ల మీద, కరెంటు తీగలకు చేరువలో గాలికి ఊగే బొమ్మ ప్రమాదం సంగతి విడిగా చెప్పనక్కర్లేదు.

దీనికి చట్టం అడగడం లేదు. మున్సిపాలిటీ నోటీసులతో తేలే విషయం కూడా కాదు. ఆ ముడి వేసేది ఎవరో మనకు తెలుసు. చాలా ఇళ్ల దగ్గర బొమ్మను ఎక్కడ కట్టాలో, ఎలా కట్టాలో నిర్ణయించేది మేస్త్రీ. స్లాబు పోసే రోజు కొబ్బరికాయ కొట్టేటప్పుడే ఇంటి యజమాని ఆయనకు ఒక మాట చెప్పాలి. ‘మేస్త్రీ, బొమ్మను వేలాడగట్టకు, నిలబెట్టు.’ రెండు సెంట్రింగ్ బొంగులు, ఒక పాత పెయింటు డబ్బా, దాని నిండా ఇసుక, ఇంతే కావాల్సింది. ఒక బొంగును డబ్బాలో నిలబెట్టి, రెండోదాన్ని భుజాల ఎత్తులో అడ్డంగా కట్టి, చొక్కా చేతులు దానికి తొడిగి, కుండను బొంగు కొసకు బోర్లించాలి. తాడు అవసరం ఆ భుజాల దగ్గరే ముగిసిపోతుంది.