నాయకుల గుమ్మమున రెండు నీతులు

బెజవాడలో మా మిత్రులొకరి యింట ప్రతిదినమును సాయంకాలము ఏడుగంటలకొక చిన్న యుద్ధము జరుగుచుండును. మామగారొక వార్తల చానలు చూడగోరుదురు, అల్లుడుగారు మఱొకటి. మామగారి చానలులో వారి నాయకుడు సుఖాసీనుడై, "తమరింత శ్రమకెట్లు తాళుచున్నారు?" అను తీరు ప్రశ్నలకు మందహాసముతో నుత్తరములిచ్చుచుండును. అల్లుడుగారది చూచి, "ఇది ప్రశ్నయా, హారతియా?" అని నవ్వుదురు. మఱునాడు రెండవ చానలులో అల్లుడుగారి నాయకునకట్టి హారతియే పట్టబడును. అప్పుడు నవ్వువారు మామగారు. ఆ యింటి యిల్లాలు మాత్రమొకమాఱు మాతో, "కందిపప్పు ధర యింత యెందుకున్నదని యడుగు మనిషి యెదుట వీరిద్దఱిలో నెవరి నాయకుడైనను కూర్చుండగా నేను చూడలేదండీ" అనిరి. మేమీ వ్యాసము వ్రాయుటకా మాటయే కారణము.

నాయకుడు తన కిష్టమైనవారితో మాటలాడుకొనుటకు స్వతంత్రుడు కాడా యని కొందఱడుగుదురు. విందునకు చుట్టములను పిలుచుకొను విషయమున స్వతంత్రుడే. కాని ప్రజల సొమ్ముతో నడచు కొలువున నున్నవాడు, ఆ కొలువును కోరి ప్రజలను వోటడుగువాడు, ప్రశ్నకుత్తరమిచ్చుట యనుగ్రహముగాదు. అది కొలువులో నొక భాగము. ఇంతవఱకు ప్రాయికముగా నెల్లరు నంగీకరింతురు. చిక్కు తరువాత వచ్చును. ఎదుటిపక్షపు నాయకుడు తలుపు మూసికొన్నచో దానికి భయమని పేరు. తమ నాయకుడు మూసికొన్నచో ఆత్మగౌరవమని పేరు.

2019 మే 17వ తేదీన, లోకసభ యెన్నికల ప్రచారము ముగిసిన దినమున, నరేంద్రమోదీగారు ఢిల్లీలో తమ పార్టీ కార్యాలయమున విలేఖరుల యెదుట కూర్చుండిరి. ప్రధానియైన యైదేండ్లలో స్వదేశమునందట్టి సమావేశమునకు వారు వచ్చుట యదియే మొదటిసారి. వారు ప్రసంగించిరి, ప్రశ్నలకు మాత్రము పార్టీ యధ్యక్షులగు అమిత్ షాగారు బదులు చెప్పిరి. అధ్యక్షుడుండగా తాము క్రమశిక్షణగల సైనికులమని ప్రధానిగారి సమాధానము. మన్మోహనసింగుగారిని మౌనియని పదేండ్లు పరిహసించినవారే యీ మౌనమునందు వినయమును దర్శించిరి. ఆ మన్మోహనసింగుగారో, తమ ప్రభుత్వమున కపకీర్తి ముదిరియున్న దినములలో, 2014 జనవరి 3వ తేదీన, విలేఖరుల నడుమ కూర్చుండి వారడిగిన కటువైన ప్రశ్నలకు తామే యుత్తరములిచ్చిరి.

ఇది చదివి సంతోషించు పాఠకులు కొంచెమాగవలెను. 2023 సెప్టెంబరు 14వ తేదీన ప్రతిపక్షముల "ఇండియా" కూటమివారు 14గురు యాంకర్ల పేళ్లతో నొక పట్టిక ప్రకటించి, వారి చర్చలకు తమ ప్రతినిధులను పంపమనిరి. ఆ చర్చలు ద్వేషమును రేపుచున్నవని వారు చెప్పిన కారణము. ఆ కారణమబద్ధమని మేమనజాలము. అట్టి చర్చలు కొన్ని మేమును చూచి తల వంచుకొంటిమి. ఐనను ద్వేషభాషణమున్నచో ఫిర్యాదు చేయవచ్చును, న్యాయస్థానమున కెక్కవచ్చును, ఆ చర్చలోనే కూర్చుండి యెదిరింపనువచ్చును. ప్రధాని ప్రశ్నలను తప్పించుకొనుచున్నారని నిత్యము వాపోవువారు, తాము తప్పించుకొనవలసిన యడుగువారి పట్టికను తామే యచ్చువేయుట యేమి చిత్రము! బి.జె.పి. నాయకులు వెంటనే యిది అత్యవసర పరిస్థితిని జ్ఞప్తికి దెచ్చుచున్నదని యాక్రోశించిరి. నాలుగేండ్లక్రిందటి ఆ మే నెల దినము మాత్రము వారి జ్ఞప్తికి రాలేదు.

మన తెలుగు సీమలలో నీ వ్యాధి ముదిరినది. ఇచ్చట నాయకులు తమ్మడుగువారికి మొగము చాటుచేయుటతో తృప్తిపడక, అడుగువారు మన యిండ్లలోనే కనబడకుండునట్లు చేయు పద్ధతి వాడుకలోనికి వచ్చినది. 2014 జూనులో, తెలంగాణరాష్ట్రమేర్పడిన కొలది దినములకే, ఆ రాష్ట్రపు శాసనసభ్యులను కించపఱచిన కార్యక్రమమునుగుఱించి కోపము రేగి, టీవీ9, ఏబీఎన్ ఆంధ్రజ్యోతి చానళ్లు తెలంగాణలోని కేబులు తీగలనుండి మాయమైనవి. టీవీ9 క్షమాపణ చెప్పుకొన్నను వెంటనే విడుదల దొరకలేదు. 2016 జూనులో ముద్రగడ పద్మనాభముగారి నిరాహారదీక్ష సమయమున, తెలుగుదేశమువారి యేలుబడిలో, ఆంధ్రప్రదేశమున సాక్షి చానలు నిలిచిపోయెను. అప్పుడు పత్రికాస్వేచ్ఛ నశించెనని గగ్గోలుపెట్టిన పక్షము 2019లో నధికారమునకు వచ్చెను; ఆ యేడే ఏబీఎన్, టీవీ5 చానళ్లు తమ ప్రసారములకై టెలికాం వివాదముల ట్రిబ్యునలు మెట్లెక్కవలసివచ్చెను. 2024 జూనులో మఱల ప్రభుత్వము మాఱెను. ఈసారి వంతు సాక్షికి, టీవీ9కి, ఎన్టీవీకి, 10టీవీకి. టీవీ9 ప్రసారము పునరుద్ధరింపవలసినదని ఢిల్లీ హైకోర్టు చెప్పవలసివచ్చెను.

ప్రభుత్వమువారు తామేమియు నాజ్ఞాపింపలేదందురు. కావచ్చును. కేబులు వ్యాపారి తీగ యూరిలో విద్యుత్తు స్తంభములమీదుగా పోవును. ఆ స్తంభములు సర్కారువారి సంస్థలవి. ఇట్టి వ్యాపారికి కాగితముపై నుత్తరువు వ్రాసి పంపవలసిన యావశ్యకమేమున్నది?

"అవి చానళ్లా? పార్టీల కరపత్రములు" అని యిరుపక్షములవారును మాకు బుద్ధి చెప్పుదురు. సాక్షిని స్థాపించిన కుటుంబమేదో, టీ న్యూసు ఏ పార్టీ నీడన పుట్టినదో మేమెఱుగనివారము కాము. ఐనను మే మొకమాట యడిగెదము. పిల్లనిచ్చువారు వరుని గుణగణములను వరుని మేనమామ నొక్కనినే యడిగి తృప్తులగుదురా? ఆ యింటితో సరిపడని పొరుగువారిని గూడ మెల్లగా విచారింపరా? పొరుగువారి మాట యంతయు నమ్ముదుమని కాదు. మేనమామ దాచు సంగతి వారి నోట దొరలునని. సర్కారు లెక్కలలోని లొసుగు, అసంపూర్తిగా నిలిచిన వంతెన, రాని పింఛను, ఇవి సరిపడని చానలు విలేఖరి వెదకి తెచ్చును. అతని యుద్దేశము చెడ్డదే కావచ్చును. వంతెన మాత్రమసంపూర్తిగనే యున్నది గదా! అతడు నాయకునెదుట నిలిచి యడుగవలెను; నాయకుడు మనము చూచుచుండగా బదులు చెప్పవలెను. సరిపడినవానిని మాత్రమే లోనికి రానిచ్చు నాయకుడు వంతెన ప్రశ్నను గుమ్మము వెలుపలనే నిలిపివేయుచున్నాడు.

ఇట్టి సమయమున తోటి చానళ్ల ధర్మమేమి? అమెరికాలో 2009 అక్టోబరున ఒబామాగారి ప్రభుత్వమువారు, అయిదు చానళ్లు కలిసి యొకే కెమేరాతో జరుపుకొను సంభాషణములనుండి ఫాక్సు చానలును తప్పింపజూచిరి. తక్కిన నాలుగును ఫాక్సునకు ప్రత్యర్థులే. ఐనను ఫాక్సు లేనిదే మాకును వలదని నిలిచిరి, ప్రభుత్వము వెనుదీసెను. 2018 నవంబరున ట్రంపుగారి కార్యాలయము సి.ఎన్.ఎన్. విలేఖరి ప్రవేశపత్రమును లాగుకొన్నప్పుడు, ఆ ఫాక్సువారే సి.ఎన్.ఎన్. పక్షమున నిలిచిరి, న్యాయస్థానము పత్రమును మఱల నిప్పించెను. వారందఱును పుణ్యాత్ములని మా యభిప్రాయము కాదు. 2025 ఫిబ్రవరిలో, మెక్సికో సింధుశాఖకు ట్రంపుగారు పెట్టిన క్రొత్తపేరు వాడలేదని అసోసియేటెడ్ ప్రెస్సువారిని అధ్యక్షుని గదికి రాకుండ చేసినప్పుడు, తక్కినవారు లోనికి పోవుచునే యుండిరి. అదే యేట అక్టోబరున రక్షణశాఖవారు క్రొత్త నిబంధనలకు సంతకము పెట్టుడనగా, ఫాక్సుతో సహా దాదాపు అన్ని సంస్థలును తమ పత్రములను తిరిగి యిచ్చి వెలికి వచ్చినవి.

మనవైపు మేము చూచినంతవఱకు, ప్రత్యర్థి తెర నల్లబడిన దినమున తక్కిన తెరలపై సంతాపముకంటె సంబరమే హెచ్చు. మన చానళ్లవారినందఱిని నొక చిన్న కోరిక కోరుదుము. నాయకునితో సంభాషణము మొదలిడునప్పుడు, ప్రశ్నలు ముందుగా పంపబడినవా, ఏ సంగతి యడుగవలదని షరతున్నదా, ఈ గుమ్మముకడ నెవరు నిరాకరింపబడిరి, ఈ మూడు సంగతులు తెరపై వ్రాసి చూపుడు. దీనికి ఖర్చేమియు లేదు. కుర్చీలకు పట్టుగుడ్డ తొడిగించుటకంటె సులభము.

బెజవాడ మిత్రుల యింటి కథ కొంత మిగిలియున్నది. 2024 జూనులో మామగారి చానలు హఠాత్తుగా నిలిచిపోయినది. అల్లుడుగారు రెండు సాయంకాలములు విజయగర్వముతో దూరదర్శని ముందు కూర్చుండిరి. మామగారు మాటలాడక వరండాలో విసనకఱ్ఱతో గడపిరి. మూడవనాడు అల్లుడుగారే కేబులు కుఱ్ఱవానికి ఫోనుచేసి, "మా మామగారి చానలేమైనదయ్యా?" అని యడిగిరట. "పైనుంచి రావడం లేదండి" అనెనట వాడు. పైన ననగా నెక్కడనో చెప్పుమని గుచ్చి గుచ్చి యడిగినను వాడు చెప్పలేదట.