తెర వెనుక: అట్టముక్కల లండన్!

గుమ్మఘట్ట నుంచి ఒక పాఠకుడి ప్రశ్న: "మేం నలుగురం మిత్రులం బల్లమీద బొమ్మలు పెట్టి డిటెక్టివ్ ఆట ఆడుకుంటాం. దానికి విక్టోరియా రాణి కాలం నాటి లండన్ వీధి కట్టాలని ఉంది. మాలో ఎవరమూ లండన్ చూడలేదు. 'కరువు సీమలో లండన్ ఏందిరా!' అని నవ్వుతున్నారు. ఏం చేయమంటారు?"

నవ్వనివ్వు తమ్ముడూ! ద్వారక చూసినవాడు మాత్రం ఎవడున్నాడు? మీ జిల్లాలోని తాడిపత్రిలో పుట్టిన కె.వి.రెడ్డి గారు 1957 నాటి 'మాయాబజార్' కోసం ద్వారకని మద్రాసులోనే లేపారు. 50 అడుగులు, 60 అడుగుల జాగాలో 300 అట్ట ఇళ్లు! ఒక్కో ఇంటికీ ఒక్కో కరెంటు దీపం! కళాదర్శకులు గోఖలే, కళాధర్. కెమెరా మార్కస్ బార్ట్లే. తెరమీద మనకి అట్ట కనిపించిందా? మహానగరం కనిపించింది.

ఇక నీ వీధి సంగతి. మొదటిది కొలత. ఇలాంటి ఆటల్లో బొమ్మలు ఎక్కువగా 28 మిల్లీమీటర్లవి. అంటే అసలు మనిషిలో సుమారు 56వ వంతు. ఆ లెక్కన ఆరున్నర అడుగుల తలుపు మూడున్నర సెంటీమీటర్లు, తొమ్మిదంగుళాల ఇటుక నాలుగు మిల్లీమీటర్లు. ఈ లెక్క తప్పావో, నీ డిటెక్టివ్ హీరో తలుపు పక్కన మరుగుజ్జులా నిలబడతాడు!

సరంజామాకి పెద్ద ఖర్చు లేదు. గోడలకి మందపాటి అట్ట చాలు. రంగు రెండువైపులా వెయ్యి, లేకపోతే ఆరాక వంకర తిరుగుతుంది. కోడిగుడ్ల ట్రే ముక్కలు చిన్నచిన్నవిగా కత్తిరించి అంటిస్తే రాళ్లు పరిచిన వీధి తయారు. పాత శుభలేఖల్ని చీలికలు చేసి, చూరు నుంచి మొదలెట్టి ఒకదాని అంచుమీదికి ఇంకొకటి ఎక్కేలా అంటిస్తే నల్లరాతి పలకల కప్పు.

అసలు కిటుకు మురికిలో ఉంది. కొత్తగా మెరిసే వీధిని ఎవరూ నమ్మరు. ఆనాటి లండన్ బొగ్గు పొగల ఊరు, ప్రతి గోడకీ మసే. నల్లరంగుని బాగా పల్చన చేసి పూస్తే ఇటుకల సందుల్లో నిలుస్తుంది. అది ఆరాక, దాదాపు పొడిగా ఉన్న బ్రష్షుతో అంచులమీద లేతరంగు తాకించు. పొగగొట్టాల దగ్గర మసి ఇంకాస్త దట్టించు. ఇక వాన! వానకి మొహం వాచిన మీ ఊళ్లో వానెలాగంటావా? రాళ్ల సందుల్లో మెరుపు వార్నిష్ ఒక పూత వెయ్యి. అప్పుడే వెలిసినట్టుంటుంది. గ్యాసు దీపాలకి సెల్లుతో వెలిగే పసుపుపచ్చ ఎల్.ఇ.డి. బల్బులు చాలు.

ఒక్క తేడా మరిచిపోకు. సినిమా సెట్టుని కెమెరా తనకి కావలసిన కోణంలోంచే చూస్తుంది. వెనకవైపు ఖాళీగా ఉన్నా అడిగేవాడు లేడు. నీ వీధి చుట్టూ నలుగురు కూర్చుంటారు. కాబట్టి పెరళ్లూ కట్టాలి, కప్పులూ కట్టాలి. సందులో చెయ్యి దూరి బొమ్మని జరపగలగాలి. కప్పు మూతలా ఊడొస్తే ఇంట్లో కూడా ఆట సాగుతుంది.

ఇటుక రంగు కళ్లారా చూడాలంటే లండన్ దాకా ఎందుకు? 1887 నాటి రాణిగారి స్వర్ణోత్సవానికి గుర్తుగా కట్టిన విక్టోరియా పబ్లిక్ హాల్ చెన్నైలోనే ఉంది. మద్రాసు తొలినాటి సినిమా ప్రదర్శనలు జరిగిన చోటది. దాని వాస్తు మన దేశపు కలగలుపే గాని, ఎర్ర ఇటుక పనితనం చూసి నేర్చుకోదగ్గది. ఆ పక్కనున్న తెల్లటి రిపన్ బిల్డింగుని మాత్రం కాపీ కొట్టకు. అది 1913 నాటిది, రాణిగారు 1901లోనే పోయారు!

ఇది పిల్లలాట అనేవాళ్లకి ఒక మాట చెప్పు. 'ఇన్‌విజిబుల్ మాన్' రాసిన హెచ్.జి.వెల్స్ ఇలాంటి బొమ్మల యుద్ధాల మీద 1913లో ఏకంగా పుస్తకమే వేశాడు. చెప్పాక, ఆ నవ్వినవాణ్ణి కూడా ఆటలో కూర్చోబెట్టు. విలన్ వేషం ఖాళీగానే ఉంటుంది కదా!