పిల్లలకు అద్దె డ్రెస్సులు వద్దు, అమ్మ పాత చీర చాలు



మన శాంతి నగర్ బాల్వాడీ పిల్లలకు "బట్టలు" అనే విషయం మీద ఒక కథల పూట పెడదామని మీటింగులో అనుకున్నాం కదా. ఎక్కువమంది ఫ్యాన్సీ డ్రెస్ అన్నారు. రాజు, పోలీసు, డాక్టరు వేషాలు, అద్దె డ్రెస్సులు, ఫొటోలు, బహుమతులు. ఆ రోజు మేము నోరు తెరవలేదు. ఇంటికొచ్చి ఆలోచించాక రాయకుండా ఉండలేకపోయాం. కొంచెం పొడుగవుతుంది, ఓపికగా చదవండి.

మేము రైల్వేలో క్లర్కుగా చేసి రిటైరైనవాళ్ళం. చదివింది తమిళ మీడియం. ఇంట్లో అమ్మ చొక్కా అంటే బళ్ళో సట్టై. ఇంట్లో లంగా, బళ్ళో పావాడై. టీచరు మంచిదే, కథలూ మంచివే. కానీ ఆ కథల్లోకి మా ఇల్లు ఎప్పుడూ రాలేదు. ఇంటి మాట బడికి పనికిరాదని ఐదేళ్ళకే మనసులో పడిపోయింది. తెలుగు అక్షరాలు ఉద్యోగంలో చేరాకే నేర్చుకున్నాం. రాతలో తప్పులుంటే మన్నించండి.

ఈ మధ్య మా గల్లీలో నాలుగేళ్ళ పాపను అడిగాం, "ఈ గౌను ఎక్కడినుంచి వచ్చిందమ్మా?" అని. "మాల్ నుంచి తాతా" అంది. వాళ్ళ నాన్న రాత్రిపాళీ దిగి పక్కనే కూర్చున్నాడు, జుట్టు నిండా దూది. అతను నవ్వేశాడు. మాకు నవ్వు రాలేదు.

లక్షల సాంచాలున్న ఊరు మన భివండి. కరీంనగర్, వరంగల్, నల్లగొండ నుంచి మనవాళ్ళు ఇక్కడికొచ్చి తరాలు గడిచాయి. మార్కండేయ జయంతికి స్టేజీ ఎక్కి, భావనా ఋషి తామర నారతో దేవతలకు బట్ట నేసిన కథ గొప్పగా చెప్పుకుంటాం. నిన్న రాత్రి నాన్న నేసిన బట్ట కథ మాత్రం పిల్లలకు చెప్పం. ఇలాగే వదిలేస్తే, రేపు పెద్ద బడిలో "మీ నాన్న ఏం చేస్తాడు?" అని అడిగితే ఆ పాప తల దించుకుంటుంది. మా భయం అదే.

ఇంకో మాట. అద్దె కట్టలేని తల్లి ఆ రోజు పిల్లకు జ్వరమని చెప్పి ఇంట్లోనే ఉంచేస్తుంది. మనం గమనించం కూడా.

అమెరికాలో సిమ్స్ టాబాక్ అనే ఆయన పిల్లలకు ఒక బొమ్మల పుస్తకం చేశాడు. పాత ఓవర్‌కోటు చిరిగేకొద్దీ చిన్నదై చిన్నదై చివరికి గుండీ అవుతుంది. 2000లో దానికి కాల్డెకాట్ మెడల్ వచ్చింది. అలాంటి కథ మన ప్రతి ఇంట్లోనూ ఉంది. అమ్మ నూలు చీర పాతబడితే తమ్ముడికి ఉయ్యాల. ఉయ్యాల పిగిలితే బొంత. బొంత చిరిగితే వంటింట్లో మసిగుడ్డ. చివరి ముక్క నాన్న సాంచా తుడవడానికి. సాంచా మీద పుట్టిన బట్ట మళ్ళీ సాంచా దగ్గరికే చేరింది. ఈ కథ చాలదా?

చీర, బొంత, మసిగుడ్డ, ఒక్కొక్కటే సంచిలోంచి తీసి పిల్లల చేతికిద్దాం. రంగు వేయని గ్రే క్లాత్ ముక్క కూడా పెడదాం. మన ఊళ్ళో నేసిన బట్ట ముందు ఇలాగే ఉంటుందని తెలుస్తుంది. కథ ఇరవై నిమిషాలు దాటకూడదు, ఈ వయసు పిల్లలు అంతకంటే కూర్చోరు. తర్వాత ఆట. ఎనిమిదిమంది వరసగా నిలబడితే పడుగు. ఒకడు రిబ్బను పట్టుకుని ఒకరి ముందునుంచి, ఇంకొకరి వెనకనుంచి దూరిపోతే పేక. నాడె చూపించండి కానీ పెద్దవాళ్ళ చేతిలోనే ఉండాలి, దాని మొనలు ఇనుపవి. ఊడిన గుండీలు తేవద్దు, నోట్లో పెట్టుకుంటారు. సాంచాలు ఆగే సెలవు రోజునే పెడదాం. చప్పుడు ఉండదు, నాన్నలూ వస్తారు.

"రేపు మరాఠీ బడికో ఇంగ్లీషు బడికో పోయే పిల్లలకు తెలుగులో కథ ఎందుకు?" అని ఒకరు అడిగారు. ఆ భాషలు బడి నేర్పుతుంది. మేము తమిళం నేర్చుకోలేదా? పడుగు, పేక, కండె, నాడె అనే మాటలు ఏ బడీ నేర్పదు. అవి మన దగ్గరే ఉన్నాయి, మనతోనే పోతాయి. పక్క గల్లీ ఉర్దూ, మరాఠీ పిల్లలు వస్తే వాళ్ళ అమ్మలనూ పిలుద్దాం, బొంతను వాళ్ళింట్లో ఏమంటారో చెబుతారు.

ఇంకా కథలు కావాలంటే ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్‌లో తెలుగు బొమ్మల కథలు ఉచితంగా ఉన్నాయి. వీవర్ అంటే మనమే కదా.

కథ ఎవరు చెప్పాలి? స్టేజీ మీద అలవాటున్న మనం కాదు. ఆ పాప నాన్ననే అడుగుదాం. "నాకు కథలేం వస్తాయి సార్" అంటాడు, తెలుసు. పక్కన మేము కూర్చుంటాం. అద్దె డ్రెస్సులకు అనుకున్న డబ్బుతో పిల్లలకు పాలు, బిస్కెట్లు పెడదాం.

ఇది మా అభిప్రాయం. ఒప్పుకుంటే వచ్చే మీటింగుకు ఇంటికొక పాత బట్ట ఉతికి పట్టుకు రండి. ఒప్పుకోకపోతే ఎందుకో చెప్పండి, వింటాం.