‘డైరెక్ట్’ చేస్తే రిపేరైనట్టేనా?

ఫిల్టర్ కాఫీ చాలదన్నట్టు మా కొవ్వూరు లాంటి ఊళ్లలోకీ ఎస్‌ప్రెసో మెషీన్లు వచ్చేశాయి. కొందరు వాడినది కొంటున్నారు, ఇంకొందరికి అమెరికా నుంచి వచ్చిన బావగారు ఇచ్చి వెళ్తున్నారు. అది ఓ రోజు వేడెక్కడం మానేసిందనుకోండి. ట్రిపుల్‌ఈ చదివిన కుర్రాడు మూత విప్పడానికే జంకుతాడు. మెకానిక్ రెండు వైర్లు కలిపేసి ‘డైరెక్ట్ చేసేశానండీ’ అంటాడు. కాఫీ వచ్చేస్తుంది, అందరూ హ్యాపీ. దీన్ని రిపేరు అనడానికి నేను ఒప్పుకోను. ఇందులో మెకానిక్ కన్నా, లెక్క తెలిసీ ఊరుకున్న ఇంజనీరుదే పెద్ద తప్పంటాను.

ఆయన కలిపేసింది థర్మల్ ఫ్యూజ్‌ని. అది ఊరికే పోదు. పంపు నీళ్లు లాగక బాయిలర్ ఎండిపోయి ఉండాలి, లేదా థర్మోస్టాట్ అతుక్కుపోయి ఉండాలి. ఆ కారణం అలాగే ఉంది. ఈసారి వేడిని ఆపేవాడే లేడు. (కొత్త ఫ్యూజ్ వేసేటప్పుడు నేరుగా సోల్డరింగ్ చేయకండి, ఆ వేడికే అది పోతుంది. క్రింప్ చేయాలి.)

ఇంతకన్నా ప్రమాదకరమైన ‘డైరెక్ట్’ ఇంకోటుంది. మెషీన్ ఆన్ చేయగానే ఆర్‌సీసీబీ పడిపోతోందని దాన్నే తీసేయడం, లేదా ప్లగ్గులో ఎర్త్ వైరు పీకేయడం. ఫేజ్‌లో వెళ్లిన కరెంటుకూ న్యూట్రల్‌లో తిరిగొచ్చిన దానికీ తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరేలోపే ఇళ్లలోని ఆర్‌సీసీబీ పడాలి. అంటే కరెంటు ఎటో కారుతోంది. ఎర్త్ పీకేస్తే ఆ దారి స్టీలు బాడీ ముట్టుకున్న అమ్మ చేతిలోంచి పోతుంది.

కనుక్కోవడం ఎలాగంటారా? ప్లగ్ తీసి, చల్లారాక, హీటింగ్ ఎలిమెంట్ వైర్లు విడదీయండి. 230 వోల్టులకు 1350 వాట్ల ఎలిమెంట్ అయితే రెండు కొసల మధ్య దాదాపు 39 ఓంలు చూపించాలి. అనంతం చూపిస్తే తెగింది. తర్వాత ఒక కొసకూ బాడీకీ మధ్య చూడండి, అక్కడ అసలేమీ రాకూడదు. మల్టీమీటర్ బాగుందన్నా నమ్మేయకండి. ఎలిమెంట్ లోపల ఇన్సులేషన్‌గా ఉండేది మెగ్నీషియం ఆక్సైడ్ పొడి, అది తేమ పీలుస్తుంది. మన గోదావరి వానాకాలమంతా అటక మీద పడున్న మెషీన్ సంగతి చెప్పాలా! ఆ లీకేజీని 500 వోల్టుల మెగ్గర్ పట్టుకుంటుంది.

బావగారి మెషీన్ అయితే ముందు వెనకాల ప్లేటు చదవండి. 120 వోల్టులని ఉంటే, పిన్నులు మార్చే అడాప్టర్ వోల్టేజీని మార్చదు. 1200 వాట్ల ఎలిమెంట్ మన 230 మీద 4,400 వాట్లు లాగబోతుంది. V²/R ఇంటర్‌లోనే చదివాం కదా.

కాలేజీ ల్యాబులో సర్క్యూట్ ఎప్పుడూ పనిచేసేదే ఇస్తారు, రీడింగ్ రాస్తాం, సంతకం పడుతుంది. చెడిపోయినది చేతికిచ్చి ‘ఎందుకు?’ అని అడిగినవాళ్లు లేరు. ఉద్యోగంలో మాత్రం అడిగేది అదే. వెయ్యి రూపాయల లోపే మల్టీమీటర్ వస్తుంది. మెగ్గర్ లేకపోతే ఐటీఐలో రెండేళ్ల ఎలక్ట్రీషియన్ ట్రేడ్ చేసిన మీ పదో తరగతి స్నేహితుడికి ఫోన్ చేయండి. మొదటిసారి మూత విప్పేది అతని ముందే అయితే ఇంకా మంచిది.