గాజుతొట్టిలోని కాపురము

ఆళ్లగడ్డనుండి యొక సోదరి గతమాసమున మాకొక జాబు వ్రాసినది. క్రొత్తయింట ప్రవేశించినప్పుడు ఆమె భర్త ముచ్చటపడి రెండడుగుల గాజుతొట్టిని, అంగడివాడు "ఆఫ్రికా చేపలు" అని కలిపి యిచ్చిన పండ్రెండు రంగుచేపలను కొని తెచ్చెనట. నెల తిరుగకమునుపే వానిలో ఏడు చచ్చినవి. "చేపలు చచ్చిన యిల్లు కలిసిరాదు, కోడలి హస్తవాసి మంచిది కాదు" అని అత్తగారు అనుచున్నారట. మిగిలిన అయిదింటిలో పసుపుపచ్చని చేప యొకటి వారము దినములనుండి మేత ముట్టక, గొంతు ఉబ్బి, మూల నక్కియున్నది. "దీనిని కూడ పారవేయుమని యింటిలో చెప్పుచున్నారు, ఏమి చేయుదును?" అని యామె ప్రశ్న.

అమ్మా, దానిని పారవేయకుడు. ఎందువలననో కడపట చెప్పెదము. తక్కిన సంగతులు ముందుగా తెలిసికొన్నగాని ఆ మాట బోధపడదు.

మీ హస్తవాసియందు లోపమేమియు లేదు. లోపము రెండు చోట్ల నున్నది. ఒకదానితో నొకటి పొసగని చేపలను ఇఱుకైన తొట్టిలో చేర్చుట మొదటిది. "ఇంటిలోకెల్ల మంచి నీరు" అని యెంచి ఆర్.ఓ. యంత్రపు నీటితో తొట్టిని నింపితిమని మీరే వ్రాసిన మాట రెండవది. రెండును ప్రేమతో చేసిన పొరపాట్లే.

సిక్లిడ్లు అనునవి చేపలలో మిక్కిలి పెద్ద కుటుంబము. ఆఫ్రికాయందేగాక అమెరికా ఖండములందును ఇవి కలవు. మన దేశపు నీళ్లలో సహజముగా నున్నవి మూడు జాతులు. కేరళీయులు ప్రీతితో భుజించు కరిమీన్ వానిలో నొకటి. అంగళ్లలో ఆఫ్రికా సిక్లిడ్లని అమ్మునవి చాలవఱకు మలావీ సరస్సునకును, కొన్ని టాంగన్యీకా సరస్సునకును చెందినవి. మలావీ సరస్సు మలావీ, మొజాంబిక్, టాంజానియా దేశముల నడుమ అయిదువందల యేబది కిలోమీటర్లకు మించిన పొడవున వ్యాపించియున్నది. దాని దక్షిణపు కొననున్న జాతీయవనమును 1984లో యునెస్కోవారు ప్రపంచ వారసత్వస్థలముగా గుర్తించిరి. అచ్చటి సిక్లిడ్లలో అత్యధికము లోకమున మఱియెచ్చటను పుట్టునవి కావు.

ఆ సరస్సుల నీరు సున్నము కలసిన నీరు. మలావీ నీటి పి.హెచ్. ఇంచుమించు 7.8 మొదలు 8.6 వఱకు నుండును. ఇచ్చట మన నంద్యాల సీమ గృహిణులకొక శుభవార్త చెప్పవలసియున్నది. మన నేలక్రింద సున్నపురాయి విస్తారముగా నున్నది. కొలిమిగుండ్ల చెంతనున్న బేలం గుహలు, 3,229 మీటర్ల పొడవున, ఆ రాతిని నీరు తొలుచుటచే నేర్పడినవే. ఆ రాతిలోనుండి ఊరిన బోరునీటిలో పప్పు త్వరగా నుడుకదు, సబ్బు నురుగెత్తదు, కాగుల అడుగున తెల్లని పేటు కట్టును. మనము నిత్యము విసుగుకొను ఆ నీరే ఈ చేపలకు పుట్టినింటి నీటివంటిది. ఆర్.ఓ. యంత్రము ఆ సున్నమునంతయు తీసివేయును. అట్టి నీటికి నిలుకడ లేదు. కొలది దినములలోనే దాని పి.హెచ్. పడిపోవును, చేపలు నీరసించును. కావున ఇతర చేపల సంగతి యెట్లున్నను, వీనికి బోరునీరే మేలు. నోటికి ఉప్పన తెలియు నీరు మాత్రము తగదు. అక్వేరియము అంగళ్లలో దొరకు పరీక్షాద్రవముతో నొకసారి చూచుకొని, నీటిని తొట్టెలో ఒకదినము గాలి తగులునట్లు నిలువయుంచి వాడుకొనవలయును. క్లోరిన్ కలిపిన కుళాయినీరైనచో దాని విరుగుడు మందు వేయుట మఱింత మంచిది.

ఇక పొత్తు సంగతి. పిల్లకు సంబంధము చూచునప్పుడు మనము నాలుగు విషయములు విచారింతుము గదా. ఇచ్చటను విచారింపవలసినవి నాలుగే: పరిమాణము, స్వభావము, ఆహారము, రంగు.

మలావీ చేపలలో ఎంబూనాలని ఒక తెగ కలదు. ఇవి రాళ్లసందులలో నివసించి, రాళ్లపై పెరుగు నాచును గీకి తినును. ప్రతి మగచేపయు తన రాతిని తనదిగా నెంచి, పొరుగువానిని తఱుమును. పీకాకులని మఱియొక తెగ. ఇవి ఇసుకలోని పురుగులను ఏరుకొని తిను సాధువులు. ఎంబూనాల నడుమ నుంచినచో పీకాకులు బెదరి తమ రంగును కోల్పోవును. ఒకదానికి శాకాహారము, మఱియొకదానికి పురుగుల ఆహారము. ఒకే మేత ఇరువురకు సరిపడదు. మూడవ తెగ, పెద్దవై చిన్న చేపలను మ్రింగునట్టిది. వీనిలో లివింగ్‌స్టోనీ యను నొక చేప, చచ్చినదానివలె ప్రక్కకొరిగి పడియుండి, చూడవచ్చిన చిన్న చేపను గుటుక్కున మ్రింగునట. ఈ మూడు తెగలను కలిపి యిచ్చుటయే అంగడివాని "మిశ్రమము".

రంగును చూచి మోసపోవుటకు ఆరేటస్ అనునది మంచి నిదర్శనము. పిల్లగా నున్నప్పుడు ఇది బంగారువన్నెపై నల్లని చారలతో ముద్దుగా నుండును. మగది యెదిగిన కొలది నల్లబడి, తొట్టిలో నెవ్వరిని నిలువనీయదు. "చారల చేప యొకటి నల్లగా మారి తక్కినవానిని మూలకు తఱుముచున్నది" అని మీరు వ్రాసితిరి. ఆ యేడింటి చావునకు అదియే ముఖ్యకారణమై యుండునని మా యనుమానము. కెన్యీ యను చేపయు నిట్టిదే: పిల్లగా నీలము, మగది పెద్దదైన పసుపు, స్వభావము కఠినము. క్రొత్తగా పెంచువారు ఈ రెండింటి జోలికి పోరాదు.

నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర యెత్తు గల తొట్టిలో ఇంచుమించు 250 లీటర్ల నీరు పట్టును. ఎంబూనాలకు ఇంతమాత్రము చోటు కావలయును. రాళ్లతో, ఇసుకతో కలిసి బరువు మూడువందల కిలోలు దాటును గనుక పీట గట్టిగా నుండవలయును. ఇందులో ఎలక్ట్రిక్ ఎల్లో, రస్టీ, ఏసీ అను మూడు జాతులను జాతికి అయిదేసి చొప్పున ఉంచవచ్చును. మొదటిది పసుపు, రెండవది తుప్పు కలిసిన ఊదా, మూడవది పసుపు తోకగల నీలి ఊదా. ఎంబూనాలలో సాధుస్వభావము గలవి ఇవియే. రంగులు వేఱగుటచే మగచేపలు ఒకదానినొకటి పోటీగా నెంచుటయు తక్కువ. జాతికి ఒక మగది, మూడు నాలుగు ఆడవి యుండుట మేలు. ఒకే ఆడచేపయైనచో మగని వేధింపునకు అది బ్రతుకదు. మూడు నాలుగు చేపలు మాత్రమున్నను ఒకదానిపైననే దెబ్బలన్నియు పడును. ఎక్కువయున్నచో దౌర్జన్యము పంచబడును. అయితే చేపల సంఖ్యకు తగినట్లు ఫిల్టర్ బలమైనదిగా నుండవలయును.

గోల్డ్‌ఫిష్, గప్పీ, ఏంజెల్, ఆస్కర్, ఫ్లవర్‌హార్న్: వీనిలో దేనిని గాని ఈ తొట్టిలో చేర్చరాదు. మొదటిదానికి చల్లని నీరు హితము, రెండవది మేతయగును, ఏంజెల్, ఆస్కర్ దక్షిణ అమెరికా చేపలు, నీటి గుణము వేఱు, ఫ్లవర్‌హార్న్ మనుష్యులు సంకరము చేసి పుట్టించిన జగడాలమారి.

తొట్టిలో రాళ్లగుహలు పేర్చుట తప్పనిసరి. ఓడిన చేపకు దాగు చోటుండవలయును. దీనికై ఖరీదైన బొమ్మలు కొననక్కఱలేదు. మన బేతంచెర్ల నాపరాతి ముక్కలే చాలును. బాగుగ కడిగి, రంగు గాని, మెఱుగునూనె గాని లేనివానినే వాడవలయును. రాతిపై నిమ్మరసము చుక్క వేసిన బుసబుస పొంగినచో అందు సున్నమున్నదని గుర్తు. ఈ చేపలకది మంచిదే. రాళ్లను ఇసుకమీద కాక, అడుగుగాజుపై పఱచిన థర్మోకోల్ పలకమీద నిలిపి, పిదప ఇసుక పోయవలయును. ఈ చేపలు ఇసుకను త్రవ్వును. ఇసుకపై నిలిపిన రాయి కూలి గాజు పగులును.

తొట్టి నింపిన దినముననే చేపలను వదలరాదు. చేపల మలమునుండి పుట్టు అమ్మోనియాను హరించు సూక్ష్మజీవులు ఫిల్టరులో పెరుగుటకు నాలుగు మొదలు ఆరు వారములు పట్టును. సున్నపు నీటిలో అమ్మోనియా విషము మఱింత తీక్ష్ణము. మేమును ఒకప్పుడు శుభ్రత పేరిట ఫిల్టర్ స్పంజిని కుళాయి క్రింద తెల్లగా ఉతికి, మూడుదినములలో నాలుగు చేపలను పోగొట్టుకొంటిమి. స్పంజిని తొట్టినుండి తీసిన నీటిలోనే జాడింపవలయును. వారమునకొకమాఱు నాలుగవవంతు నీటిని మార్చుట చాలును.

మేతగా స్పైరులినా కలిసిన పలుకులు, ఉడికించిన పాలకూర, తొక్క తీసిన బటాణీలు మంచివి. రెండు నిమిషములలో తిని ముగించునంతయే దినమునకు రెండుమార్లు వేయవలయును. మాంసపు ముక్కలు వేసినచో ఎంబూనాల కడుపు ఉబ్బి చచ్చును. పిల్లలు ప్రేమతో ఇడ్లీ, బూంది వేయకుండ కనిపెట్టియుండుడు. వేసవిలో నంద్యాల యెండ మనకే దుస్సహము. నీటివేడి 30 డిగ్రీలు దాటినచో నీటిలో ప్రాణవాయువు తగ్గును. గాలిపంపును ఆపక నడుపుచు, మూత తీసి పైన వల కప్పి, పంకాగాలి నీటిమీద తగులనీయుడు. విద్యుత్తు పోవునెడల బ్యాటరీ పంపు నొకదానిని దగ్గఱ నుంచుకొనుడు.

జగడాలమారి చేపను వదిలించుకొనుటకు కుందూ నదిలోనో, మహానంది కోనేటిలోనో విడుచుట పుణ్యమని కొందఱు తలంతురు. అది పుణ్యము కాదు. మొజాంబిక్ తిలాపియా యను ఆఫ్రికా సిక్లిడ్‌ను ఆహారముకొఱకు 1952లో మన దేశమునకు తెచ్చిరి. అది చెఱువులలో వ్యాపించి మన చేపలకు పోటీయైనది. ఆఫ్రికాలోనే విక్టోరియా సరస్సున 1950వ దశకమున నైలు పెర్చ్ అను పెద్దచేపను వదలగా, అచ్చటి సిక్లిడ్లలో వందలాది జాతులు నశించినవి. అక్కఱలేని చేపను అంగడికి తిరిగి యిండు, లేదా పెంచు వారికిండు.

ఇప్పుడు ఆళ్లగడ్డ సోదరి పసుపు చేప మాట. మలావీ సిక్లిడ్ల ఆడవి గ్రుడ్లను నేలపై విడిచిపెట్టవు; నోటిలో దాచుకొనును. పిల్లలు పొదిగి, స్వయముగ నీదగలిగినంతవఱకు, ఇంచుమించు మూడు వారములు, తల్లి నోరు తెఱచి మేత తినదు. గొంతు సంచివలె నుబ్బును, ఒంటరిగా మూల నుండును. మీరు వ్రాసిన లక్షణములన్నియు ఇవియే. అది రోగిష్టిచేప కాదు, నిండుచూలాలివంటిదని మా నమ్మకము. గొంతు మెల్లగా, నములుచున్నట్లు కదలుచున్నదేమో చూడుడు. కదలుచున్నచో సందేహము లేదు. దానిని ఆ నల్లని మగచేప కంటబడకుండ, ఆ తొట్టినీటినే నింపిన చిన్నతొట్టిలోనికి నెమ్మదిగా మార్చి, గాలిపంపు పెట్టి, నాపరాతి ముక్క నొకటి చాటుగా నిలుపుడు. మేతకై బలవంతపెట్టకుడు. నల్లదానిని అంగడికి పంపుడు. రెండడుగుల తొట్టి ఈ తెగకు చాలదు గనుక, తక్కిన వానికి పెద్దతొట్టి సమకూర్చుకొనుట గాని, చోటున్నవారికిచ్చుట గాని మీ యింటివారు ఆలోచింపవలయును.

ఇంకొక మాట. ఈ జాబును మీ అత్తగారికి చదివి వినిపింపుడు. బిడ్డలకొఱకు మూడువారములు అన్నము మానిన తల్లిని ఇంటినుండి పారవేయుటకు ఆమెకు మాత్రము మనసొప్పునా? పిల్లచేపలు బయటికి వచ్చిన దినమున వానిని లెక్కపెట్టు పని ఆమెకే అప్పగింపుడు. ఎన్ని యున్నవో మాకు వ్రాయుడు.