పట్టుబడుతున్న చోటు వేరు, పాడవుతున్న చోటు వేరు



కొంతకాలం క్రితం రాత్రి డ్యూటీలో ఒక పంతొమ్మిదేళ్ళ అబ్బాయిని క్యాజువాల్టీకి తెచ్చారు. ఎవరో తనను చంపడానికి వస్తున్నారని మంచం కింద దూరుతున్నాడు. గంజాయి అలవాటని తల్లి మెల్లగా చెప్పింది. “ఎక్కడ దొరుకుతుందమ్మా?” అని అడిగితే, తమ వీధి చివరి పాత షెడ్డు అని వెంటనే చెప్పింది. పోలీసులకు చెప్పారా అంటే తల దించుకుంది. “చెబితే మావాణ్ణే పట్టుకుపోతారు సిస్టర్‌గారూ” అంది.

మరునాడు పేపరులో గంజాయి పట్టివేత వార్త ఉంది. అది హైవే మీద, టోల్‌గేటు దగ్గర.

పాడేరు, చింతపల్లి ఏజెన్సీ నుంచి దిగే దారుల్లో, చెక్‌పోస్టుల్లో, రైల్వే స్టేషన్లలో తరచుగా గంజాయి పట్టుబడుతున్నది. అది అవసరమైన పనే. 1985 నాటి ఎన్.డి.పి.ఎస్. చట్టం ప్రకారం 20 కిలోలు మించితే కనీసం పదేళ్ళ జైలు. అంత సరుకు దొరికేది దారిలోనే. అయితే దారిలో జరిగిన అరెస్టు సరుకు ఎటు పోతున్నదో చెబుతుంది గాని, ఏ వీధి పిల్లలు పాడవుతున్నారో చెప్పదు.

అలాగని ఫిర్యాదులనే నమ్ముకుందామా? ఫోను చేస్తే పోలీసులు వస్తారన్న నమ్మకం ఉన్న కాలనీల నుంచే ఫిర్యాదులు వస్తాయి. కూలికి పోయే తల్లుల పేటలు నోరు మెదపవు. ఫిర్యాదు లేదు కాబట్టి గంజాయి లేదనుకోవడం, రక్తపరీక్ష చేయని ఊళ్ళో మలేరియా లేదనుకోవడం వంటిదే.

అందుచేత నా అభిప్రాయం ఇది. ప్రతి స్టేషనులో మూడు నెలలకొకసారి అరెస్టుల లెక్క, ఫిర్యాదుల లెక్క వార్డువారీగా పక్కపక్కన పెట్టి ప్రజలకు చూపాలి. పేర్లు వద్దు, అంకెలు చాలు. ఫిర్యాదులుండి అరెస్టులు లేని వార్డు గురించి అడగాలి. ఫిర్యాదులు లేకుండా అరెస్టులే ఉన్న వార్డు గురించి కూడా అడగాలి. తేలికగా దొరికే బీద పిల్లలనే పట్టుకుంటున్నారేమో చూడాలి. ఆసుపత్రులు కూడా పేర్లు లేకుండా తమ కేసుల సంఖ్య ఇస్తే, నోరు మెదపని పేటల బాధ కూడా లెక్కలోకి వస్తుంది. ఇలా చూపితే అమ్మేవాళ్ళు జాగ్రత్తపడతారని పోలీసులు అనవచ్చు. గడచిన మూడు నెలల అంకెల వల్ల అంత నష్టం లేదని నా ఉద్దేశం.

తల్లులారా, ఒక మాట. సేవించినందుకో, కొద్దిపాటి గంజాయి దగ్గర ఉన్నందుకో కేసు పడినా, ప్రభుత్వ గుర్తింపు ఉన్న కేంద్రంలో తానుగా చికిత్స కోరి పూర్తిచేసిన వ్యక్తికి అదే చట్టంలోని 64ఎ సెక్షను రక్షణ ఇస్తుంది. చికిత్స సలహాకు 14446, ఆంధ్రప్రదేశ్‌లో ఫిర్యాదుకు 1972. ఫోను చేసినవారి వివరాలు బయటపెట్టబోమని పోలీసులు చెబుతున్నారు.

ఆ మాట నిలబెట్టుకుంటేనే రేపు ఇంకొక తల్లి ఆ షెడ్డు సంగతి మాతోపాటు పోలీసులకు కూడా చెబుతుంది.